మూడు సున్నాలు

శుక్రవారం మధ్యాహ్నం, ఘలా క్యాంపులో
ఏసీ నీళ్ళకు ఉబ్బిన గోడకు ఆనుకుని
ఆశన్న చేతికి ఫోను ఇచ్చాను.
నా కాగితంలో ఆయన పేరు ‘ఏడో మనిషి’.
పని: ఇంటికి డబ్బు పంపడం.
ఉత్తుత్తి డబ్బు కాదు, ఈ నెల నిజంగా పంపాల్సిందే.
నేను గడియారం చూడాలి,
వేలు తడబడిన చోట గుర్తు పెట్టుకోవాలి,
సాయం మాత్రం చేయకూడదు.

పంపే బొత్తాం ఎందుకు ఆకుపచ్చగా ఉండాలో
ఆఫీసులో ఆరు వారాలు వాదించి గెలిచినదాన్ని.
ఆయన దాని దాకా రానేలేదు.

85.000 చూసి నవ్వాడు.
“ఎనబై అయిదు వేల రియాళ్ళా మేడం?
గన్ని ఉంటే నేనీడ ఎందుకుంట?”
రియాలుకు వెయ్యి బైసలు,
చుక్క తర్వాత మూడు సున్నాలు ఈ దేశపు మర్యాద.
ఆ చుక్క నా తెర మీద ఆవగింజంత.
ఆయన కంటికి దుమ్ము.
బొటనవేలితో తుడిచాడు.
తుడిస్తే పేజీ జారి ఇంకో పేజీ వచ్చింది.
రాసుకున్నాను: చుక్క.

తర్వాత ఫోను అడిగింది,
“మీరు కచ్చితంగా పంపాలనుకుంటున్నారా?”
ఆ వాక్యం నాదే.
ఆశన్న వేలు గాలిలోనే నిలబడిపోయింది.
“పదకొండేండ్ల సంది పంపుతున్న.
గిట్ల ఎవ్వలూ అడగలే.”
ఎవరో అడిగారు కాబట్టి
జవాబు చెప్పాలన్నట్టు కూర్చున్నాడు.
తలగడ కింద నుంచి పాత రసీదుల కట్ట తీశాడు,
రబ్బరు విప్పాడు, మళ్ళీ చుట్టాడు.
ఏమాలోచించాడో రాసే గడి నా కాగితంలో లేదు.
రెండు నిమిషాలయ్యాయి.
భద్రత కోసమని మేము పెట్టిన రెండు నిమిషాలు.
“మళ్ళీ లాగిన్ అవ్వండి.”
“కోపమొచ్చిందా దీనికి?” అన్నాడు.

రెండోసారి ఆలోచించకుండా నొక్కాడు.
అప్పుడు రాలాయి,
మీటింగులో నాకు చప్పట్లు కొట్టించిన రంగు కాగితాలు,
గులాబీ, పసుపు, వెండి, తెర నిండా,
పెళ్ళి బారాతులా.
చివరి ముక్క కింద పడేదాకా చూశాడు.
“మంచిగనే ఉన్నయి.
ఇవి మా వదినె దినాలకు పంపే పైసలు.”

నా కాగితం అడుగున ఇంకో ప్రశ్న మిగిలింది:
సంతృప్తి, ఒకటి నుంచి అయిదు.
అడగలేదు.
గడియారం ఎప్పుడు ఆపానో కూడా గుర్తులేదు.

లేచి వస్తుంటే ఆయనే అన్నాడు,
“రూవిల కౌంటరు పిల్లగాడు ముద్దర గుద్దుతడు గదా, టప్పుమని.
గది ఇనవడితే, పోయినయని తెలుస్తది.”

ఆదివారం రంగు కాగితాలు తీసేశాను.
“పండగలా ఉండేది కదా,” అన్నాడు మా మేనేజరు.
చుక్కను జొన్నగింజంత చేశాను.
కచ్చితంగానా అని అడగడం మానేసి
పేరు, సొమ్ము, అంతే చూపించాను.
రెండు నిమిషాల మీద ఇంకా గొడవ నడుస్తోంది.

సాయంత్రం రూవి వెళ్ళి
నా ఖాతాకే అయిదేసి రియాళ్ళు నాలుగుసార్లు పంపుకున్నాను,
ముద్ర చప్పుడు ఫోన్లో పట్టుకోవడానికి.
కౌంటరు కుర్రాడు నన్ను అనుమానంగా చూశాడు.
మూడు శుభ్రంగా వచ్చాయి.
నాలుగోదాంట్లో, ముద్ర పడగానే,
వరసలో నా వెనక ఎవరో
ఊపిరి వదిలారు.

నాలుగోదే ఉంచాను.