వెంట్రుక మీద పేజీలు

ఈ ఏడు రెండోసారి.
పోయిన ఏడు పదకొండు కాలేజీలు కాదన్నాయి,
పన్నెండోది అసలు పలకనే లేదు.
ఆర్గానిక్ కెమిస్ట్రీలో నాకొచ్చిన సి మైనస్
నేనెక్కడికి దరఖాస్తు పెట్టినా
నాకన్నా ముందే వెళ్ళి కుర్చీ వేసుకు కూర్చుంటుంది.

హౌటన్‌లో మే నెల వచ్చినా
చెత్త డబ్బాల వెనక మంచు నల్లగా నక్కి ఉంటుంది.
రాత్రంతా వృద్ధాశ్రమంలో పక్కలు మార్చి
పొద్దున్నే డాక్టర్ నియెమి క్లినిక్‌లో
గోడకానుకుని నిలబడతాను.
నీడలా ఉండటమే నా పని,
ఆ నీడకీ గంటలు లెక్క రాసుకోవాలి.

ఆయన మాటల పొదుపరి.
నా సిఫారసు ఉత్తరం నాలుగు వారాలుగా రాస్తూనే ఉన్నాడు.
కలప లారీ నడిపే రేమో వచ్చి
ఊపిరి తీస్తే గుచ్చుతోందంటే
వెంటనే ఎక్స్‌రేకి చీటీ రాయడు.
వీపు మీద రెండరచేతులూ ఆనించి
తలుపవతలి మాటలు వినేవాడిలా
తల ఓ పక్కకి వంచుతాడు.
"ఇక్కడా?"
రేమో కళ్ళు మూసుకుంటాడు. "అక్కడే."
ఆ "అక్కడే" కోసమే వస్తున్నానని
కాలేజీ వాళ్ళకి ఎలా రాయను?

అయిదువేల మూడువందల అక్షరాలిచ్చారు,
మధ్యలో ఖాళీలూ లెక్కలోకే వస్తాయట.
"డాక్టరవ్వాలని చిన్ననాటి కల" అని రాసి కొట్టేశాను,
చిన్నప్పుడు నేను మంచు తోసే బండి నడపాలనుకున్నాను.
"మనిషిని మొత్తంగా చూడటం", ఇదీ కొట్టేశాను,
వాళ్ళ కరపత్రంలోంచే ఊడి నా వాక్యంలో పడింది.
"ఎం.డి. ఎందుక్కాదు?" అన్నాడు మా అన్న ఈరో,
కారు కింద పడుకునే, పానా కోసం చెయ్యి చాపుతూ.
మార్కులు చాలవన్నాను.
నిజమే. సగం.

మిగతా సగం ఇది.
ఓ మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు
డాక్టర్ తన బట్టతల తడుముకుని
"నీదే ఒక వెంట్రుక పీకు" అన్నాడు.
పుస్తకంలో పేజీ కింద పెట్టి వేలితో వెతకమన్నాడు.
దొరికితే ఇంకో పేజీ.
"మేం డైరెక్టరీల మీద నేర్చుకున్నాం,
ఊళ్ళో అందరి నంబర్లూ వెంట్రుక మీదే ఉండేవి."
గట్టిగా నొక్కాను, కాగితమే తగిలింది.
నొక్కడం మానేశాక
సన్నగా, గీతలా, అది వేలికిందికొచ్చింది.

పద్నాలుగో గదిలో ఐలీ పెల్టోనెన్
నేను తల దువ్వుతుంటే ప్రతి రాత్రీ అడిగేది:
"ఉత్తరం వచ్చిందా?"
ఎవరి ఉత్తరమో నాకు తెలీదు.
"ఇంకా లేదు" అనేదాన్ని,
నా సంగతి కూడా కలిపి.
జూన్ మొదటి వారంలో గది ఖాళీ చేస్తుంటే
దువ్వెన పళ్ళలో ఒక తెల్ల వెంట్రుక.
పారేయాల్సిందే. రూలు.
తెచ్చి కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టాను,
నన్ను ముంచిన అధ్యాయంలోనే.

ఒక పేజీ. మూడు. నాలుగు.
ఆరో పేజీ దగ్గర పోయింది.
మర్నాడు రాత్రి ఆరో పేజీ కింద
ఉంది.
ఏడో పేజీ ఇంకా నాకు లొంగలేదు.

వ్యాసంలో రేమో గురించి రాశాను, సి మైనస్ గురించీ రాశాను.
ఐలీ గురించి రాయలేదు.
పన్నెండొందల అక్షరాలు మిగిలిపోయాయి,
అలాగే వదిలేశాను.
ఫీజుకి రెండు వారాల రాత్రుళ్ళు పోయాయి.
బటన్ నొక్కింది మాత్రం గట్టిగానే.

ఇప్పుడు పద్నాలుగులో కొత్తాయన,
పేరు ఆర్విడ్, తల దువ్వనివ్వడు.
తెల్లవారుజామున మూడింటికి బెల్లు కొట్టి
భుజం చూపించి ఏదో గొణిగాడు.
చలికి కొంకర్లు పోయిన నా చేతులు రుద్దుకుని
మెల్లగా ఆనించాను.
తల ఓ పక్కకి వంగింది, నేను వంచలేదు.
"ఇక్కడా?"
"కాదు" అన్నాడు విసుగ్గా,
"ఇంకాస్త కింద."