పేజీ తిప్పే పని

సఫోక్‌లో మార్చి. చర్చి హాల్లో హీటరు
కాసేపు మూలిగి ఆరిపోయింది.
హెస్టర్ తన చెల్లో ఇనుప ముల్లును
చెక్కవేదిక మీది పాత చిల్లులో గుచ్చింది.
ఎవరు చేసిన చిల్లో, ఆమె కొలతకు సరిగ్గా ఉంది.

నా పని పేజీలు తిప్పడం.
పియానో ముందు బేసిల్. పైన ఒక మెట్టు
నొక్కితే మళ్ళీ లేవదు,
చిటికెన వేలితో ఎత్తుకుంటున్నాడు.

యుద్ధం నడుమ రాసిన సొనాటా.
రెండో భాగంలో చెల్లో ఏడవదు.
ఏడుపు అయిపోయినవాళ్ళు లేచి
అంట్లు తోముకుంటున్నట్టు ఉంటుంది.

లైబ్రరీ ప్రతి. పదిహేడో పేజీ అంచున
పెన్సిల్ రాత: "ఇక్కడ తొందరపడకు, ఎనిడ్."
రిహార్సల్లో ఇద్దరూ నవ్వారు.
చెరిపేద్దామని రబ్బరు వెతికారు, దొరకలేదు.

ఈ రాత్రి సరిగ్గా అక్కడ
కమాను తీగ మీదే ఆగింది.
బేసిల్ చేతులు గాల్లో.
చూరు నుంచి ఒక చుక్క. ముందు వరసలో ఎవరో
దగ్గు మింగుకున్నారు.

ఎనిడ్ ఎవరో. ఆమెకి ఆ మాట చెప్పిందెవరో.
పేజీ మూల పట్టుకుని నిలబడిపోయాను.

బేసిల్ తలూపాడు.
మళ్ళీ ఊపాడు.