నాలుగుంపావు గూడ్సు

కెట్రిక్ జంక్షన్‌కి నూరేళ్ళు నిండాయని
ఆర్విల్ టెస్కీ రికార్డు వేయించాడు.
నిండడమంటే పండగే అనుకున్నాం అప్పట్లో.
ఐదొందల కాపీలు. అట్ట మీద ధాన్యం ఎలివేటరు,
దాని నీడలో అరువు టోపీతో
తనూ, గిటారూ.

మొదటి వైపు తొలి నాగలి, తొలి మంచుతుఫాను,
ఇద్దరు మేయర్లు. మూడోవాడి పేరు
పాటలో ఇమడలేదు.
రెండో వైపు మిల్లు తగలబడిన రాత్రి.
పోయినవాళ్ళ పేర్లు ప్రాస కోసం
వరస మార్చి పాడాడని
బొడ్నార్ ముసలమ్మ చచ్చేదాకా అలిగే ఉంది.

స్టూడియో ఎక్కడిది?
కర్లింగ్ ఆడే రేకుల షెడ్డులో
గోడలకు గుర్రపు దుప్పట్లు కొట్టి
పాటని పట్టారు.
సరిగ్గా అమ్మలు నీళ్ళు మోసే చరణం దగ్గర
నాలుగుంపావు గూడ్సు కూత వేసింది.
ఆర్విల్ నాలుక కరుచుకున్నాడు, ఆపలేదు.
ఇంకో టేపుకి డబ్బుల్లేవు.

మూడొందలు మిగిలిపోయాయి
మా ఇనప సామాన్ల కొట్లో, మేకుల డబ్బాల వెనక.
సుత్తి కొన్నవాడికల్లా ఒకటి
ఊరికే అంటగట్టేవాడు నాన్న.

తర్వాత కంపెనీవాళ్ళొచ్చి పట్టాలు పీక్కుపోయారు.
ఈ ఒక్క గాడి వాళ్ళ లెక్కలో లేదు.

ఇప్పుడెవరో ఒకరు కొట్టుకొచ్చి
గొంతు తగ్గించి అడుగుతారు,
రైలున్న పాట ఉందా అని.
సూది దించుతాను.
అమ్మలు నీళ్ళు మోస్తుంటారు.
కూత.
బల్ల కింద కుక్క, రైలెరగని పిల్లది,
తలెత్తి తలుపు వైపు చూస్తుంది.
వచ్చినాయన
వాచీ సరిచేసుకుంటాడు.