కిరాయి డబ్బాలు

నాకు సరిగమలు రావు.
డబ్బాలు కిరాయికిస్త. నాలుగు బాక్సులు, ఒక మిక్సరు,
టేపు చుట్టంగ చుట్టంగ లావైపోయిన వైర్లు.
పెండ్లికొక రేటు, గణపతికొక రేటు,
లీడరు మీటింగైతే పైసలు ముందే పట్టుకుంట.
మౌలాలిల టైర్ల షాపు మీది డాబాకు మాత్రం
శనివారం శనివారం ఉత్తగనే మోస్త.
ఇరవై రెండు మెట్లు. నా నడుముకెరుక.

ఆడొక బ్యాండున్నది. దానికి పేరు లేదు.
పెట్టుకుందామని కూసున్నప్పుడల్లా కొట్లాటైతది,
కొట్లాట నడుమల చాయ్ వస్తది,
పేరు ఆడ్నే ఆగిపోతది.

డెస్మండుది బేసు. లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరు చేసి రిటైరైండు.
తీగెను బోల్టు బిగించినట్టే బిగిస్తడు,
సగం చుట్టు, చెవి పెట్టి, ఇంకో పావు చుట్టు.
ఫైజాన్‌ది గిటారు. పగలు కార్ల ఏసీలు బాగుచేస్తడు,
ఏండ్లసంది గ్యాసు తగిలి ఏళ్లు చల్లబడ్డయంటడు,
పట్టుకొని చూసిన, ఉత్త గప్పాలు.
కెజియా కీబోర్డు తెల్లారితే చర్చికి పోవాలె,
అందుకే దాని పక్కన ఎవర్నీ సిగరెట్ ముట్టనియ్యది.
డ్రమ్ములు ఐలేశ్‌వి.

వినేటోళ్లు ఇరవై మంది, మస్తైతే ఇరవై ఐదు.
అండ్ల సగం కింది షాపోళ్లే.
పక్క డాబామె బట్టలు తీయనీకొస్తది,
తీసినయి భుజానేసుకొని అట్లనే నిలబడ్తది.

వీళ్లు వాయించేదానికి మొదలున్నది, ఆఖరి లేదు.
ఒకలు ఒక ముక్క ఇసురుతరు,
ఇంకొకలు ఎత్తుకపోతరు, మూడోవాడు అడ్డం తిరుగుతడు.
గేటు కాడ నిలబడి గూడ్సు డబ్బాలు లెక్కపెట్టినట్టు
మొదట్ల నేనూ లెక్కపెట్టేది.
యార్డుల ఇంజను కూతేస్తే
డెస్మండు కండ్లు మూసి ఆ శ్రుతిలకే జారుకుంటడు.
పదింటికి కానిస్టేబుల్ వస్తడు.
అదే మా ఆఖరి.

మొన్న శనివారం ఐలేశ్ ఆలస్యంగొచ్చిండు.
అంగీ మీద గులాలు,
చెవెనుక బంతిపూరెక్క ఒకటి అంటుకొని.
"బరాతా భాయ్?" అన్నడు ఫైజాన్.
ఐలేశ్ పలకలే. పుల్లలందుకొని కూసున్నడు.

కెజియా మొదలుపెట్టింది, ఏదో అల్కటిది,
కరెంటు తీగె మీద పిట్ట దుంకినట్టు.
ఐలేశ్ చేతులు ఆ దిక్కు పోలే.
ఒక దెబ్బ. ఆగి
ఇంకొకటి. ఆగి
రెండు దగ్గర దగ్గర.
నాకు సరిగమలు రావు గని ఆ దెబ్బ ఎరుకే.
మా బస్తీల ఎవల్ని లేపినా ముంగట నడిచేది అదే.
మా అవ్వ ముంగట గూడ నడిచింది.
కొట్టింది ఐలేశ్ వాళ్ల నాయిన.

ఫైజాన్‌కు తెల్వది. కొత్త నడకనుకొని సంబురంగ అందుకున్నడు.
కెజియాకు తెలిసినట్టున్నది, పిట్టను మెల్లగ కిందికి దించింది.
డెస్మండు ఒక్క స్వరం మీద నిలబడ్డడు, కదలలే.
పక్క డాబామె బట్టలు కిందపెట్టింది.
నాకేం చెయ్యాల్నో తోచక
డ్రమ్ము మైకు ఒక గీత పెంచిన.

పదింటికి కానిస్టేబుల్ వచ్చిండు.
పద్దెనిమిదో మెట్టు మీదనే ఆగి టోపీ తీసిండు.
ఉక్కపోతకో, దేనికో.
పదీ నాలుగైంది, పదీ ఏడైంది.
అప్పుడు ఐలేశ్ మూడు దెబ్బలు కొట్టి
పుల్లలు నేల మీద పెట్టిండు.
ఇగ ఎవలూ ఎత్తుకోలే.

బాక్సు దించుకుంట అడిగిన, పోయిందెవలని.
"ఏమోనన్నా. బోడుప్పల్ దిక్కు, ఎవలో ముసలామె.
సగం తొవ్వల బండ్లన్నీ ఆగినయని
వ్యానెక్కించి ఉరికిచ్చిండ్రు.
మా చేతుల్ల పైసలు పెట్టి ఇగ పోండ్రన్నరు.
కొట్టాల్సింది ఇంకా మిగిలుండె."

పెద్ద బాక్సుకు అటుదిక్కు వాడు, ఇటుదిక్కు నేను.
మలుపు కాడ గోడకు తాకి మూల పెచ్చూడింది.
కిరాయిల పట్టుకుందామంటే
కిరాయే లేదాయె.