చెక్కబూటు సుంకం

ఈ కాగితం మీద సంతకం హిల్కేది.
ఆరేళ్ళ కిందట, ఒక మార్చి నెలలో,
నా ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చేశాడు.
"బౌక్యెని చూసి ఎవరమ్మా నువ్వు అని అడిగిన రోజు
నన్నిక ఉంచకండి డాక్టర్."
ఉంచకండి. ఆ మాట కింద రెండుసార్లు గీత గీశాడు,
కాగితం చిరిగేంత గట్టిగా.

నలభై ఏళ్ళు ఫ్రీస్‌లాండ్ కాలవ మీద వంతెన కాపలా.
పడవ వస్తే వంతెన లేపడం,
గాలపు కర్రకు వేలాడే చెక్కబూటుని
పడవవాడి ముందుకు ఊపడం,
అందులో నాణెం పడ్డ చప్పుడుకి తలాడించడం.
చిల్లిగవ్వ తేడా రానివ్వని మనిషి.
తన చావు పద్దు కూడా ముందే రాసిపెట్టుకున్నాడు.

ఆ రోజు పోయిన అక్టోబరులో వచ్చింది.
బౌక్యె సూపు గిన్నె ముందు పెడుతుంటే
"కొత్తగా చేరావా ఇక్కడ?" అన్నాడట, మర్యాదగా.
ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి
నీళ్ళ చప్పుడులో ఏడ్చిందట.
తర్వాత సొరుగులోంచి కాగితం తీసి నాకు ఫోన్ చేసింది.

చట్టం నన్ను అడిగేది తక్కువే:
భరించలేని బాధ ఉందా?
బాగయ్యే దారి ఏదైనా మిగిలిందా?
కోరిక అతనిదేనా?

ఇదిగో, హిల్కే ఎండలో కూర్చుని
ఐస్‌క్రీమ్ తింటున్నాడు. గడ్డం నిండా తెలుపు.
బాతుని చూసి నవ్వుతున్నాడు.
పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అడిగాను:
"చనిపోవాలని ఉందా హిల్కే?"
"ఈరోజా?" అన్నాడు. "ఈరోజు చేప వేపుడు అన్నారే!"

రాత్రులు వేరు. నర్సు రాసిన డైరీ చదివాను.
మూడింటికి లేచి తలుపు గుద్దుతాడు,
"పడవలు ఆగిపోయాయి, లేపండిరా" అని, గొంతు పోయేదాకా.
ఆ కేకని కోరిక అని రాసుకోనా, బాధ అని రాసుకోనా?
రెండో అభిప్రాయం చెప్పడానికి వచ్చిన డాక్టరు
పగలే వచ్చి పగలే వెళ్ళిపోయాడు.

సంతకం చేసినవాడికి వీడంటే భయం.
వీడికి ఆ సంతకం ఎవడిదో తెలియదు.
ఇద్దరికీ ఒకటే గుండె.
మాట తప్పితే ఒకడికి ద్రోహం,
మాట నిలబెట్టుకుంటే...
ఆ వాక్యం నేను ఏ ఫారంలోనూ పూర్తి చేయలేదు.

బౌక్యె నన్ను తొందరపెట్టదు. అదే బరువు.
"మనిద్దర్నీ నమ్మి ఇచ్చాడు" అని మాత్రం అంటుంది,
అని, అతని గడ్డం తుడుస్తుంది.
అతను థాంక్స్ చెబుతాడు, పరాయి మనిషికి చెప్పినట్టు.

వెళ్ళబోతుంటే దారికి అడ్డంగా కర్ర.
దాని చివర ఊగుతూ చెక్కబూటు,
ఆ పాతదే, అడుగు అరిగిపోయింది.
జేబులు తడుముకున్నాను. నాణెం లేదు.
చేతికి తగిలింది మడిచిన కాగితం ఒక్కటే.
హిల్కే ఓపిగ్గా ఆగాడు, డ్యూటీలో ఉన్నవాడిలా.
నా మొహం చూశాడు. నా వెనక ఎవరూ లేని దారి చూశాడు.
"పోనీలే," అన్నాడు కర్ర పైకెత్తుతూ,
"చీకటి పడకముందే దాటు."