దగ్గుమందు సీసా

ఆటోనగర్‌లో మా ల్యాబు మెట్ల మీద
మైలపల్లి దానయ్య.
దగ్గుమందు సీసాలో
బోటింజను నూనె.

"రెండుసార్లు కడిగీసినానమ్మా."

నలుపు చూసి జడిశాడేమోనని
"మసి మోసేదే మంచి నూనె" అన్నాను.
వినలేదు. చుక్క తీసి
రెండు వేళ్ల మధ్య రుద్ది
హార్బరు వైపు తిరిగి వాసన చూశాడు.
"ఉప్పు తగిలింది."

వేరే సీసా ఇచ్చి పంపాను.
గురువారం కాగితం వచ్చింది:
ఇనుము ఇరవై రెండు,
రాగి ఉందా లేదా అన్నంత,
సోడియం మాత్రం
గీత దాటి ఎటో పోయింది.

ఇంజను అరగలేదు,
కూలరే కారుతోంది.

చదువు రాదన్నాడు.
అతని వేలు పట్టి ఆ అంకె మీద పెట్టాను:
"ఇదీ సముద్రం."

డబ్బులు లెక్కెడుతూ అడిగాడు:
"నా ఏలు ముందే సెప్పీసింది గదా,
దానికేటిత్తారు?"

ఫైల్లో నా కాపీ.
సోడియం పక్కన
నల్లటి వేలిముద్ర.