కుడి అంచు

మాగనూరు బస్సు దిగి వచ్చింది సవారమ్మ.
కొంగు ముడి విప్పి గరిటె తీసి
బల్ల మీద పెట్టింది.
పెట్టింది గానీ చెయ్యి తీయలేదు.
"దొరలది సారూ, విలాయతి వెండి.
ఎనక ముద్రలున్నయి, సూడు."

నారాయణపేట సరాఫు బజారులో
ముప్పై ఏడేళ్లుగా ముద్రలు చదివే కళ్లు నావి.
మా నాయన మోనప్పాచారి అనేవాడు:
వెండిని ముందు చూడొద్దురా, తిప్పు.
ముఖం ఎవరికైనా మెరుస్తుంది.
ఊరూ పేరూ కాడ వెనకే ఉంటాయి.

తిప్పాను. తడిగుడ్డతో రుద్దితే
నలుపు వదిలిన చోట నాలుగు గుంటలు,
వరుసగా, పంటిగాట్లలాగా.

లెన్సు కంటికి బిగించాను.
విలాయతి పద్ధతి నాకు తెలుసు.
నడిచే సింహం ఉంటే వెండి నికార్సు,
లంగరు ఉంటే ఊరు బర్మింగ్‌హామ్,
అక్షరం వెనక ఒక సంవత్సరం,
రాణి తల ఉంటే సుంకం కట్టినట్టు.

ఈ సింహమూ నడుస్తోంది, నిజమే.
కానీ తోక పైకి చుట్టుకుంది,
చెవులు నిక్కబొడుచుకుంది,
కాలెత్తి బువ్వ అడుగుతున్నట్టుంది.
ఎన్నడూ సింహాన్ని చూడనివాడు
తన గడప ముందు పడుకున్నదాన్నే చూసి చెక్కాడు.

లంగరు మరీ విచిత్రం.
బండి కట్టుకుని వారం నడిచినా
సముద్రం తగలని నేల ఇది.
మూడు కొక్కేలు, పైన కడియం.
బావిలో పడ్డ బిందెను వెతికే
పాతాళగరిగె అది.

అక్షరం తిరగబడింది.
అచ్చును ఉల్టా చెక్కాలన్నది మరిచాడు.
రాణికి కొప్పుంది, సరే.
ముక్కు మీద చుక్క కూడా ఉంది.
ముక్కుపుల్లో, ఏదైనా గీసుకుందో,
నేను పందెం కాయను.

నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగాను.

గీటురాయి మీద గీసి చుక్క వేశాను.
నెత్తురులా తిరిగింది.
విలాయతి వాళ్లు నూటికి ఏడున్నర పాళ్లు రాగి కలుపుతారు,
వీడు అంత కూడా కలపలేదు.
ముద్రల్లో అన్ని అబద్ధాలాడినవాడు
మూస దగ్గర నోరు మెదపలేదు.

"విలాయతి కాదమ్మా, మన దిక్కుదే.
పదమూడు తులాలు తూగుతది."
"మరి దొరలది కాదా?"

దానికి ముద్ర ఉండదు.
అయినా మళ్లీ లెన్సు పెట్టుకున్నాను.
జవాబు లేనప్పుడు నేను చేసే పని అది.
అప్పుడు కనబడింది గిన్నె అంచు.

వెండి గరిటెతో ఎవరూ అడుగు గీకరు.
దీంతో గీకారు.
కుడిచేత్తో గీకితే ఎడమ అంచు అరుగుతుంది.
ఇన్నేళ్లలో నేను చూసినవన్నీ అట్లా అరిగినవే.
ఇది కుడివైపు అరిగింది,
విదియ నాటి చంద్రుడంత.

"దీన్ని పట్టుకున్నది ఎవరు?"
"మా అవ్వ జమ్ములమ్మ. గడిల వంట జేసేది."
"పుర్రచెయ్యా?"

ఆమె వాకిలి వైపు చూసింది,
ఎవరైనా విన్నారేమోనని.
"వడ్డిస్తే కుడిచెయ్యే సారూ.
ఎడమచేత్తో పెట్టిన్నాడు దొరసాని ఇస్తరి ఇసిరేసిందంట.
అందరి బంతులు లేసినంక
అడుగంటింది మా అవ్వది.
అప్పుడెవరు సూస్తరు?"

గరిటె వాళ్లింటికి ఎట్లా చేరిందో
నేను అడగలేదు.
ఏ ముద్ర చదవాలో, ఏది వదలాలో
అది కూడా ఈ పనిలో భాగమే.

అమ్మనంది. తాకట్టు పెట్టుకొమ్మంది,
ఆరు నెలలకు.
రసీదు రాశాను: వెండి గరిటె ఒకటి,
తూకం పదమూడు తులాలు,
నాలుగు ముద్రలు, నాటువి.
అరుగుడు అన్న గడిలో
ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలాను.

పెన్ను ఎడమచేత్తో అందుకుంది.
నా వైపు చూసి
కుడిచేతికి మార్చుకుంది.